"మన కోసం చనిపోయాడు" అంటాం కదా, ఆ "కోసం" అంటే ఏంటో చదువుకోవడం ఎలా

గుడ్ ఫ్రైడే ముందు రోజు సాయంత్రం గుంటూరు అరండల్‌పేటలో టీ తాగుతున్నాం. నా డిగ్రీ ఫ్రెండ్ ఒకడు, వాళ్లింట్లో అందరూ వెంకటేశ్వరస్వామి భక్తులు, మాటల మధ్యలో అడిగాడు: "ఒరేయ్, మీ దేవుడు చనిపోయిన రోజుని మంచి శుక్రవారం అంటారేంట్రా?" సండే స్కూల్లో నేర్చుకున్న మాట తడుముకోకుండా చెప్పేశాను, "మన కోసం చనిపోయాడు కాబట్టి" అని. వాడు గ్లాసు కింద పెట్టి "కోసం అంటే?" అన్నాడు. వాదించడానికి అడగలేదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర రెండో వాక్యం లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఏడాదీ తెల్లబట్టలు వేసుకుని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధనలో కూర్చున్నవాణ్ని, సిలువ పాటలన్నీ నోటికి వచ్చినవాణ్ని, ఒక్క మాటకి అర్థం చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి ఆ మాట పట్టుకునే చదువుతున్నాను. మొదటి రెండేళ్లు వరస తప్పి చదివాను. ముందు ప్రసంగాలు విన్నాను, తర్వాత వ్యాఖ్యానాలు చదివాను, ఆఖర్న బైబిలు తెరిచాను. అలా చేస్తే ఎవరో ఇచ్చిన జవాబుకి సరిపోయే వచనాలు ఏరుకోవడమే మిగులుతుంది, చదివినట్టు ఉండదు. తర్వాత మా సంఘంలో, అంటే మా చర్చిలో, ఐదుగురం కలిసి వరస తిప్పి చదివాం. మాకు పనికొచ్చిన దారి అది, అదే ఇక్కడ రాస్తున్నాను. మీరు క్రైస్తవులైనా, కాకపోయినా, "అసలు వీళ్లు సిలువలో ఏం చూస్తున్నారు" అని తెలుసుకోవాలనుకున్నా ఇదే దారిలో వెళ్లొచ్చు.

శ్రమకాలంలో మొదలుపెడితే బాగుంటుంది, భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు, రోజుకి అరగంట చాలు. (సంఘంలో "శ్రమ" అంటే బాధ, బయట "శ్రమ" అంటే కష్టపడి పనిచేయడం. కొత్తవాళ్లతో కలిసి చదువుతుంటే ఇది మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే పాపం రెండు వారాలు అయోమయంలో ఉంటారు.) కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఇంట్లో ఉన్న పాత అనువాదం బైబిలు ఒకటి, వాడుక భాషలో ఉన్నది ఇంకొకటి, ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు. రెండో బైబిలు కొనలేకపోతే ఫోన్‌లో యూవెర్షన్ యాప్‌లో తెలుగు అనువాదాలు ఉచితంగానే ఉన్నాయి. విజయవాడ వెళ్లే పని ఉంటే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో ఒకసారి వెతకండి, పాత బైబిలు నిఘంటువు దొరికితే అదృష్టమే. దొరక్కపోయినా పని ఆగదు.

ముందు మార్కు సువార్త (యేసు కథ చెప్పే నాలుగు పుస్తకాల్లో ఒకటి) 14, 15 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని, పైకి చదవండి. రెండూ కలిపి 119 వచనాలు, ఆగకుండా చదివితే ఇరవై నిమిషాల పని. పైకి ఎందుకంటే, ఆ రోజుల్లో ఈ రాతల్ని సంఘంలో ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు, చెవితో వింటే తెలిసేవి కంటికి కొన్ని కనపడవు. ఈ మొదటి చదువులో "దీని అర్థం ఏంటి" అని అడగొద్దు. ఏం జరిగిందో మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎవరు అమ్మేశారు, ఎవరు పారిపోయారు, ఎవరు ఎక్కడ నిలబడి చూశారు. మూడు రోజులు వరసగా అదే చదవండి. మూడో రోజుకి మాకు ఒక సంగతి తట్టింది: మార్కు మేకుల గురించి ఒక్క ముక్క రాయలేదు, సిలువ దగ్గర కారిన నెత్తురు గురించి రాయలేదు. "వారాయనను సిలువవేసి" అని రెండు మాటల్లో చెప్పేసి, వెంటనే బట్టలకి చీట్లు వేసుకోవడం దగ్గరికి వెళ్లిపోయాడు. కానీ ఎగతాళి గురించి మాత్రం ఎంత రాశాడో లెక్కపెట్టండి. సైనికులు ఊదా వస్త్రం వేసి, ముళ్ల కిరీటం పెట్టి, మోకాళ్లూని వెక్కిరించారు. దారిన పోయేవాళ్లు తలలాడించి దూషించారు. ప్రధానయాజకులు వెక్కిరించారు. పక్కన వేలాడుతున్నవాళ్లు కూడా నిందించారు. మన గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో కొరడా దెబ్బలు ఒక్కొక్కటీ వర్ణిస్తారు, జనం ఏడుస్తారు. ఆ బాధ నిజమే. కానీ సువార్త రాసినవాడు మన చూపు నిలబెట్టింది అవమానం దగ్గర.

ఎందుకు నిలబెట్టాడో తెలియాలంటే రోమా సామ్రాజ్యంలో సిలువ అంటే ఏంటో కొంచెం తెలుసుకోవాలి, దీనికి రెండు రోజులు ఇవ్వండి. అది ప్రధానంగా బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష, రోమా పౌరుడికి మామూలుగా వేయరు. క్రీస్తు పూర్వం 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణిచేశాక, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడవునా సిలువ వేశారు. చంపడం ఒక్కటే కావాలంటే అంత పని అక్కర్లేదు, రోడ్డు మీద వెళ్లే ప్రతివాడూ చూసి భయపడాలని చేశారు. క్రీస్తు పూర్వం 63లో సిసిరో అనే రోమా వక్త కోర్టులో మాట్లాడుతూ, సిలువ అనే మాట కూడా రోమా పౌరుడి ఆలోచనకీ, కంటికీ, చెవికీ దూరంగా ఉండాలన్నాడు. అంత నీచంగా చూసేవాళ్లు. ఇది తెలిశాక తొలి తరం అపొస్తలుడు పౌలు కొరింథువాళ్లకి రాసిన "సిలువనుగూర్చిన వార్త నశించుచున్నవారికి వెఱ్ఱితనము" అనే మాట చదివి చూడండి, వెర్రితనం అని ఎందుకన్నాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇదంతా కట్టుకథేమో అని అడిగేవాళ్లు గుంపులో ఒకరైనా ఉంటారు, వాళ్లని కసురుకోవద్దు. పొంతి పిలాతు క్రీస్తు శకం 26 నుంచి 36 దాకా యూదయకి అధిపతిగా ఉన్నాడు, అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో మడమ ఎముకలో మేకు అలాగే దిగి ఉన్న మనిషి అస్థికలు దొరికాయి, యేసు కాలానికి దగ్గరి కాలంలోనే సిలువ వేసిన మనిషి. క్రైస్తవుల మీద ఏ అభిమానమూ లేని టాసిటస్ అనే రోమా చరిత్రకారుడు కూడా పిలాతు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు. చరిత్ర ఇంతవరకూ చెప్తుంది. ఆ మరణం మన "కోసం" అన్నది తవ్వకాల్లో దొరికేది కాదు, దానికి మళ్లీ పుస్తకం దగ్గరికే రావాలి.

ఇప్పుడు మిగతా మూడు సువార్తలు: మత్తయి 26, 27, లూకా 22, 23, యోహాను 18, 19. నోట్‌బుక్‌లో పేజీని నాలుగు గడులు చేసి, ఒక్కో సువార్తలో మాత్రమే ఉన్న సంగతులు దాని గడిలో రాయండి. నాలుగింటినీ కలిపి ఒకే కథగా కుట్టేయాలని తొందరపడొద్దు, మనం చిన్నప్పటి నుంచి క్రిస్మస్ డ్రామాలాగా అన్నీ కలిపే చూశాం కాబట్టి ఆ అలవాటు ఒక పట్టాన పోదు. పిలాతు చేతులు కడుక్కోవడం, అతని భార్యకి కల రావడం మత్తయిలోనే ఉన్నాయి. పశ్చాత్తాపపడిన నేరస్థుడితో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట లూకాలోనే ఉంది. కురేనీయుడైన సీమోను సిలువ మోయడం మొదటి మూడింటిలో ఉంది, యోహాను మాత్రం యేసే తన సిలువ మోసుకుని వెళ్లాడని రాశాడు. సిలువ మీది ఏడు మాటలు అంటామా, ఆ ఏడూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు: మూడు లూకావి, మూడు యోహానువి, ఒక్కటి మత్తయి మార్కులది. ఈ సంగతి తెలిశాక గుడ్ ఫ్రైడే నాడు ఏడుగురు ఏడు మాటలు చెప్తుంటే, ఇది ఎవరు రాసిన మాట, ఆ రచయిత దీన్నే ఎందుకు ఎంచుకున్నాడు అని ఆలోచిస్తూ వింటారు.

మార్కు రాసిన ఆ ఒక్క మాట దగ్గర ఎక్కువసేపు ఆగండి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." ఇది 22వ కీర్తన మొదటి వచనం. కానీ మన పాత అనువాదంలో కీర్తన తీస్తే అక్కడ "నీవు నన్నేల విడనాడితివి" అని ఉంటుంది. మాటలు వేరు కావడంతో తెలుగులో చదివేవాళ్లకి రెండూ ఒకటేనని చెవికి తగలదు, నాకైతే ఏళ్ల తరబడి తగల్లేదు. రెండు చోట్లా వేలు పెట్టి, కీర్తన మొత్తం చివరిదాకా చదవండి. వెక్కిరించేవాళ్లు తలలాడించడం, బట్టలకి చీట్లు వేయడం అక్కడే కనిపిస్తాయి, కీర్తన ఆఖరికి స్తుతిలోకి తిరుగుతుంది. దీనిమీద ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడతారు. యేసు ఆ కీర్తన మొత్తం మనసులో పెట్టుకుని పలికాడు కాబట్టి ఆ కేకలో నమ్మకం కూడా ఉందని కొందరు. లేదు, ఆయన నిజంగా విడవబడిన చోటు అది, దాన్ని మెత్తబరచొద్దని ఇంకొందరు. నా మటుకు నేను రెండోవాళ్ల వైపే ఎక్కువ మొగ్గుతాను, ఎందుకంటే ఆసుపత్రి వరండాలో కూర్చుని దేవుడు ఎక్కడున్నాడని అడిగిన ఎవరికైనా ఆ కేక తమ కేకలాగే వినిపిస్తుంది. మీరు ఏ వైపు ఉన్నా, కీర్తన చదవకుండా మాత్రం ఉండొద్దు.

తర్వాతి పని పాత నిబంధనలో, అంటే బైబిల్లో యేసు రాకముందటి భాగంలో. మూడు చోట్లు చాలు: నిర్గమకాండము 12, లేవీయకాండము 16, యెషయా 53. ఈ వరసలోనే చదవండి. నిర్గమ 12లో పస్కా గొర్రెపిల్ల రక్తం గుమ్మాలకి పూస్తారు, ఆ రాత్రే ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు బయటికి నడుస్తారు. అక్కడ ముందు వినిపించేది విడుదల. యేసు చనిపోయింది పస్కా పండగ రోజుల్లో, ఏడాదికి ఒకసారి వచ్చే ప్రాయశ్చిత్త దినాన కాదు, దీన్ని పక్కన రాసుకోండి. లేవీయ 16లో రెండు మేకలు ఉంటాయి, ఒకటి బలి అవుతుంది, రెండోదాని తల మీద ప్రధానయాజకుడు రెండు చేతులూ పెట్టి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని అడవిలోకి పంపేస్తాడు. దేవుని సన్నిధి గదికి అడ్డంగా కట్టిన తెర లోపలికి ఏడాదికి ఆ ఒక్క రోజే, ఆ ఒక్క మనిషే వెళ్తాడు. ఇప్పుడు మార్కు 15:38కి తిరిగి వెళ్లండి, దేవాలయపు తెర పైనుంచి కిందిదాకా చినిగింది. పైనుంచి అన్నాడు చూడండి.

ఇక్కడే తెలుగువాళ్లకి రెండు మాటలు అడ్డం పడతాయి, వీటికి ఒక రోజంతా ఇచ్చినా తక్కువే. ఒకటి ప్రాయశ్చిత్తం. మన వాడుకలో ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేసినవాడు తానే చేసుకోవలసింది, ఉపవాసమో, దానమో, నదీ స్నానమో. రెండోది బలి. మన పల్లెల్లో అమ్మవారి జాతరలో మేకపోతునో కోడినో ఇస్తారు, మనిషి అమ్మవారికి ఇస్తాడు, ఆమె శాంతిస్తుంది. ఈ రెండు అర్థాలూ తలలో పెట్టుకుని సిలువ దగ్గరికి వస్తే, కోపంతో ఉన్న దేవుడు ఎవరిదో ప్రాణం అడిగాడు, యేసు ఇచ్చాడు, దేవుడు చల్లబడ్డాడు అనే బొమ్మ తయారవుతుంది. నా ఫ్రెండ్‌కి అలాగే అర్థమైంది, నాకూ చాలాకాలం అలాగే ఉండేది. లేవీయకాండము 17:11 తీసి చూడండి, రక్తం సంగతి చెప్తూ ప్రాయశ్చిత్తం చేయడానికి "దానిని మీకిచ్చితిని" అంటాడు దేవుడు. ఇచ్చేది ఆయన, పుచ్చుకునేది మనుషులు. దిశ తిరగబడింది. పౌలు రోమా 3:25లో క్రీస్తుని దేవుడే "కరుణాధారముగా" బయలుపరచాడని రాశాడు. అక్కడ గ్రీకులో ఉన్న మాట హిలస్టీరియాన్, గ్రీకు పాత నిబంధనలో మందసం అనే నిబంధన పెట్టె మీది మూతని పిలిచిన మాటే అది, మన బైబిల్లో దాన్ని కరుణాపీఠము అన్నారు. రెండింటిలోనూ "కరుణ" అనే మాట నిలబెట్టిన ఆ పాత అనువాదకులకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

పాపం మీద దేవుని కోపం అనే సంగతి బైబిల్లో లేదని కాదు, రోమా మొదటి అధ్యాయంలోనే ఉంది. కానీ తండ్రి ఒక వైపు కోపంగా, కుమారుడు ఇంకో వైపు ప్రేమగా నిలబడ్డారని చెప్తే అది త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న నమ్మకాన్ని, రెండు ముక్కలు చేయడమే. దేవుడు "క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" ఉన్నాడని రెండో కొరింథీయులు 5లో ఉంది. "ఎవడును నా ప్రాణము తీసికొనడు" అని యోహాను 10లో యేసే అన్నాడు. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన రాసి పెట్టుకోండి.

పౌలు దగ్గరికి వెళ్లేముందు యేసే తన మరణం గురించి ఏమన్నాడో చూడాలి, ఇది చాలామంది దాటేస్తారు. మార్కులో రెండు చోట్లు. 10:45లో "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణము" ఇవ్వడానికి వచ్చానన్నాడు. 14:24లో గిన్నె ఇచ్చి, అనేకుల కొరకు చిందించే నిబంధన రక్తం అన్నాడు. ఒకచోట ప్రతిగా, ఒకచోట కొరకు. గ్రీకులో కూడా అవి రెండు వేర్వేరు మాటలే, మొదటిది "ఆంటి", బదులుగా అనే అర్థం, రెండోది "హ్యుపెర్", తరఫున, మేలు కోసం అని. యేసుకి బదులు పిలాతు విడుదల చేసిన ఖైదీ బరబ్బా సంగతిలో బదులు అంటే ఏంటో కళ్ల ముందే జరుగుతుంది, హత్య చేసినవాళ్లతో జైల్లో ఉన్నవాడు బయటికి నడిచాడు, ఏ తప్పూ చేయనివాడు వాడికి పడాల్సిన సిలువ దగ్గరికి వెళ్లాడు. బరబ్బా అనే పేరుకి తండ్రి కొడుకు అని అర్థం.

ఇక పత్రికలు, అంటే పౌలు లాంటివాళ్లు సంఘాలకి రాసిన ఉత్తరాలు. ఒక పేజీ మీద పెద్ద అక్షరాలతో "కోసం" అని రాసి, చదువుతూ ఆ మాట, దాని చుట్టాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎక్కించండి. రోమా 5:8లో "మనకొరకు", ఒకటో కొరింథీయులు 15:3లో "మన పాపముల నిమిత్తము", గలతీయులు 3:13లో "మనకోసము శాపమై", రెండో కొరింథీయులు 5:21లో "మనకోసము పాపముగా". ఒక్కో చోట పక్కన ఏ బొమ్మ ఉందో కూడా రాయండి, ఎందుకంటే పౌలు ఒక్క బొమ్మతో సరిపెట్టుకోలేదు. కోర్టు ఉంది, నిందితుణ్ని నీతిమంతుడని తీర్పు చెప్పడం. సమాధానపరచడం ఉంది, ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు ఒక పెళ్లిలో మళ్లీ ఒకే బంతిలో కూర్చోవడం లాంటిది. విమోచన ఉంది, దాన్ని మన దగ్గర చెప్పాలంటే తాకట్టులో ఉన్న బంగారాన్ని డబ్బు కట్టి విడిపించుకోవడం, ఆ కాలంలో అయితే బానిసని విడిపించడం.

కొలొస్సయులు 2:14, 15 దగ్గర మాత్రం మా గుంపు ఒక సాయంత్రం మొత్తం కూర్చుంది. "మనమీద ఋణముగాను మనకు విరోధముగాను నుండిన పత్రమును మేకులతో సిలువకు కొట్టి" అని ఉంటుంది. పత్రం అని రాసిన చోట గ్రీకు మాటకి అర్థం, అప్పు తీసుకున్నవాడు చేత్తో రాసిచ్చిన కాగితం. మాలో ఒకరి నాన్నగారు మిర్చి రైతు, ఆయన మాతో పాటు కూర్చుని విని, "అంటే ప్రోనోటు కదయ్యా" అన్నారు. అంతే, అందరికీ అర్థమైపోయింది. పంట పోయిన ఏడాది ప్రోనోటు ఇంకొకరి బీరువాలో ఉంటే ఇంట్లో నిద్ర ఎలా ఉంటుందో గుంటూరు జిల్లా రైతు కుటుంబానికి చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి వచనంలోనే బొమ్మ మారిపోతుంది: అధికారుల్ని నిరాయుధుల్ని చేసి, సిలువ చేత జయోత్సవంతో ఊరేగించాడు అంటాడు. రోమా వాళ్లు ఓడినవాళ్లని ఊరేగిస్తారు, పౌలు ఆ ఊరేగింపుని తిప్పి రోమా వాళ్ల మీదే కాదు, మనుషుల్ని బానిసల్ని చేసే ప్రతి శక్తి మీదా పెట్టాడు.

ఏ బొమ్మనైనా చివరిదాకా లాగితే తెగుతుంది. విమోచన క్రయధనం అన్నాడు సరే, ఆ డబ్బు ఎవరికి కట్టారు? సైతానుకి అని పాతకాలంలో కొందరు అన్నారు, దొంగకి దేవుడు బాకీ ఉంటాడా అని నాలుగో శతాబ్దంలోనే నజియాంజస్ గ్రెగొరీ అనే బిషప్పు దాన్ని ఖండించాడు. తర్వాత శతాబ్దాల్లో ఒక్కొక్క వేదాంతి ఒక్కో బొమ్మని ముందుకు తెచ్చారు. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్ దేవుని ఘనతకి జరిగిన నష్టం తీర్చడం గురించి, 12వ శతాబ్దంలో అబేలార్డ్ ఆ ప్రేమ మన మనసుని కదిలించడం గురించి రాశారు. 16వ శతాబ్దపు సంఘ దిద్దుబాటు కాలంలో కాల్విన్ లాంటివాళ్లు మన శిక్ష ఆయన భరించడం గురించి గట్టిగా చెప్పారు, 20వ శతాబ్దంలో స్వీడన్‌లో గుస్టాఫ్ ఔలెన్ పాత సంఘంలోని విజయం బొమ్మని మళ్లీ గుర్తుచేశాడు. ఇవన్నీ ఒక్క రోజులో చూసి వదిలేయండి, మొదటి ఏడాదికి అంతకన్నా అక్కర్లేదు. కానీ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో పూర్తిచేసిన విశ్వాస ప్రమాణం చూస్తే, పొంతి పిలాతు కాలంలో "మన కోసం" సిలువ వేయబడ్డాడని మాత్రం ఉంటుంది, ఎలా అన్నది అందులో రాయలేదు. కాబట్టి మీ బొమ్మ వేరు, నా బొమ్మ వేరు అయినంత మాత్రాన ఒకరినొకరు సంఘం బయటికి నెట్టుకోనక్కర్లేదు. నాకు మాత్రం, యెషయా 53 చదివాక, మన శిక్ష ఆయన మీద పడిందన్న మాటని పక్కనపెట్టడం సాధ్యం కాదు, కొలొస్సయులు చదివాక అది ఒక్కటే చాలని చెప్పడమూ సాధ్యం కాదు.

హెబ్రీయులకి రాసిన పత్రికలో 13:12 కూడా చదవండి. యేసు "గవిని వెలుపట" శ్రమపొందాడని ఉంటుంది. గవిని అంటే ఊరి ద్వారం, ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలియదు, అందుకే పైపైన చదివేస్తారు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన తర్వాతి దశాబ్దాల్లో, ఈ జిల్లాలో సిలువ వార్త విని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరి బయట బతికినవాళ్లే, మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, ఊరి బావి ముట్టుకోవడానికి వీల్లేకుండా. మా తాతల తాతలు అక్కడివాళ్లే. దేవుడు ఊళ్లో గుడిలో కాకుండా ఊరి వెలుపల, తాము ఉన్న చోట, తమలాగే అవమానపడి చనిపోయాడని వినడం వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఒక పేజీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి రాయండి. ఏ వ్యాఖ్యానంలోనూ ఇది దొరకదు.

రెండు తప్పుడు వాడకాల గురించి గట్టిగా చెప్పాలి. "యూదులు చంపారు" అని మన ప్రసంగాల్లో చాలా తేలిగ్గా అనేస్తారు. యేసు యూదుడు, మరియమ్మ యూదురాలు, శిష్యులందరూ యూదులే. శిక్ష వేసింది రోమా అధిపతి, మేకులు కొట్టింది రోమా సైనికులు. ఆనాటి యూదులందరి మీదా, ఈనాటి యూదుల మీదా ఆ నేరం మోపకూడదని కతోలిక సంఘం 1965లో వాటికన్ మహాసభలో స్పష్టంగా ప్రకటించింది. ఆ మాట వల్ల శతాబ్దాల పాటు ఎంతమంది ప్రాణాలు పోయాయో తెలిస్తే ఎవరూ మళ్లీ అనరు. రెండోది, భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన అమ్మాయికి "ఇది నీ సిలువ, మోయాలమ్మా" అని చెప్పడం. నా చెవులతో విన్నాను, విని ఊరుకున్నాను, ఇప్పటికీ అది నన్ను వదల్లేదు. సిలువ యేసు తన ఇష్టంతో ఎత్తుకున్నది, ఇంకొకడి చేతి దెబ్బల్ని దానితో పోల్చి ఓర్చుకోమనే హక్కు ఎవరికీ లేదు.

ఒంటరిగా చదవడం కన్నా నలుగురైదుగురు ఉంటే మేలు. అందరూ ఒకే సంఘంవాళ్లు కాకపోతే ఇంకా మేలు. మా గుంపులో ఒక అక్క కతోలిక, ఆవిడ మమ్మల్ని విజయవాడ గుణదల తీసుకెళ్లింది, మేరీమాత గుడి పైన కొండ మీద సిలువ ఉంటుంది కదా, అక్కడిదాకా ఎక్కాం. ఎక్కుతూ సిలువ మార్గం గురించి చెప్పింది, పద్నాలుగు స్థలాలు, ఒక్కో చోట ఆగి ప్రార్థన. ఆరో స్థలంలో వెరోనికమ్మ యేసు ముఖం తుడవడం, మూడుసార్లు కింద పడటం సువార్తల్లో లేవు, సంప్రదాయం నుంచి వచ్చాయి. ఏది సువార్తలోది, ఏది సంప్రదాయంలోది అని నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. అయినా నడుస్తూ ఆగడం, ఆగి మోకాళ్లూనడం, అది కూర్చుని చదివేవాళ్లకి తెలియని చదువు. లూథరన్‌వాణ్నైన నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను, ఒకసారి వెళ్లండి, ఎండ ముదరకముందే ఎక్కండి.

సంఘంలో పాడే పాటల పుస్తకంలో సిలువ పాటల్ని పాడకుండా చదవడం ఇంకో పని. ఒక్కో చరణం పక్కన అది కోర్టు బొమ్మా, విడుదల బొమ్మా, ప్రేమ బొమ్మా అని పెన్సిల్‌తో రాయండి. మీ సంఘం దేన్ని ఎక్కువ పాడుతోందో, దేన్ని మర్చిపోయిందో అరగంటలో తెలుస్తుంది. మేం పాడే పాటల్లో రక్తం చాలా ఉంది, ఊరేగింపు దాదాపు లేదు.

ప్రశ్నలు మిగులుతాయి. వాటిని అయ్యగారి (పాస్టరు) దగ్గరికి తీసుకెళ్లండి, కానీ ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కాదు, అక్కడ ఆయనకి వందమందితో చేయి కలపాల్సి ఉంటుంది. ముందే అడిగి, వారం మధ్యలో సాయంత్రం ఇంటికి వెళ్లి, ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వండి. "అయ్యగారూ, ఇది మీకు ఎప్పుడైనా కష్టంగా అనిపించిందా?" అని అడిగి చూడండి. మా అయ్యగారు ఆ మాటకి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత రెండు గంటలు మాట్లాడారు.

చివరి వారంలో, మట్టల ఆదివారం తర్వాత, కొత్తగా ఏమీ చదవొద్దు. మళ్లీ మార్కు 14, 15 పైకి చదవండి, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలూ కూర్చోండి, ఇంటికి వచ్చి "కోసం అంటే?" అన్న ప్రశ్నకి ఒక్క పేజీ జవాబు రాయండి. సంఘం భాష వాడకుండా, క్రైస్తవుడు కాని స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నట్టు. విమోచన, నీతి, సమాధానం అనే మాటలు వాడాలనిపిస్తే ఆగి, దాని బదులు ఇంట్లో మాట్లాడే మాట వెతకండి. నాది మొదటిసారి నాలుగు పంక్తులు దాటలేదు. కింద తేదీ వేసి దాచండి, వచ్చే ఏడాది మళ్లీ రాసేటప్పుడు ముందుది చూడకుండా రాయండి.

రోమా 4:25 మాత్రం శనివారానికి ఉంచుకోండి, మన అపరాధాల నిమిత్తం అప్పగించబడి, మనల్ని నీతిమంతులుగా తీర్చడానికి లేపబడ్డాడు అని. ఒకే వాక్యంలో శుక్రవారం, ఆదివారం రెండూ ఉన్నాయి, కాబట్టి చదువు శుక్రవారంతో మూసేస్తే సగమే చదివినట్టు. ఈస్టర్ తెల్లవారుజామున మనవాళ్లు కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు కదా, నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. నేను మా నాయనమ్మ సమాధి పక్కన కూర్చుని ఒకటో కొరింథీయులు 15 చదువుతాను, 58 వచనాలు, సెల్‌ఫోన్ లైటు అక్కర్లేదు, కొవ్వొత్తి వెలుగు చాలు. నాలుగున్నరకల్లా చేరుకోండి, ఆరు దాటితే జనం ఎక్కువైపోయి కూర్చోవడానికి చోటుండదు.